కారణం గడిలో ఏం రాయాలి?

విశాఖపట్నం నుంచి హైదరాబాదు వచ్చి రెండో ఏడు నడుస్తోంది. పీహెచ్‌డీ అయ్యాక దొరికిన ఒక ప్రాజెక్టు మీద వచ్చాను. నారాయణగూడ వైపు ఒక విమెన్స్ హాస్టల్లో దిగాను. ఆ హాస్టల్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ మీద ఒక పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. పేరు, రూము నంబరు, వెళ్లిన టైము, వచ్చిన టైము, కారణం. అయిదు గడులు. మొదటి నాలుగూ ఎవరైనా నింపగలరు. అయిదో గడి దగ్గర పెన్ను ఆగుతుంది.

మొదటి నెలంతా నేను అందులో 'లైబ్రరీ' అనే రాశాను. కొన్నిసార్లు నిజంగానే లైబ్రరీకి వెళ్లాను. చాలాసార్లు వెళ్లలేదు. ఒక ఆదివారం సాయంత్రం హిమాయత్‌నగర్ దాకా నడిచి, ఒక షాపు ముందు నిలబడి అద్దంలో వస్తువులు చూసి, తిరిగి నడిచి వచ్చేశాను. ఇంకో ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేశాను. ఒక్కటీ కొనలేదు. రెండు రోజులూ రిజిస్టర్లో లైబ్రరీయే. ముప్పై నాలుగేళ్ల దాన్ని, పేరు ముందు డాక్టర్ అని రాసుకునే అర్హత ఉన్నదాన్ని, గంటసేపు నడిచి రావడానికి అబద్ధం ఎందుకు రాస్తున్నానో ఆ రోజుల్లో ఆలోచించలేదు. అలవాటుగా చెయ్యి రాసేసింది.

విశాఖలో సాయంత్రం అంటే బీచి. అక్కడికి ఎందుకు వెళ్లావని ఎవరూ అడగరు, సముద్రమే కారణం. నాకున్న నలుగురు స్నేహితులూ ఆ ఇసకలోనే దొరికారు. ఇక్కడ అలాంటి సిద్ధంగా ఉన్న కారణం లేదు. అమ్మ ఫోన్లో అడిగేది కూడా అదే ప్రశ్న. "ఆదివారం పూట బయట నీకేటి పనే? రూములో కూకుని చదువుకోలేవా?" అమ్మది కోపం కాదు, భయం. కానీ ఆ ప్రశ్నకి ఆవిడ ఎంచుకున్న మాట 'పని'.

ఒక రాత్రి కరెంటు పోయి అందరం గేటు దగ్గర చేరినప్పుడు ఆ రిజిస్టరు ముందు పేజీలు తిప్పాను. పరిశోధకురాలి దురలవాటు. కోచింగ్, గుడి, మందులు, జిరాక్స్, టైలర్, ఆఫీస్, హాస్పిటల్, జిరాక్స్, జిరాక్స్. ఇంతమంది ఆడవాళ్లు ఇన్నిసార్లు ఏ కాగితాలు జిరాక్స్ తీయించుకుంటున్నారు? సినిమా అని రెండే చోట్ల ఉంది, రెండింటి పక్కనా 'విత్ సిస్టర్' అని. తిరగడానికి, చూడటానికి, ఊరికే - ఈ మాటలు ఒక్క గడిలోనూ లేవు. మా హాస్టల్లో అందరూ కలిసి రాస్తున్న కథల పుస్తకం అది. దాన్ని సాహిత్య విద్యార్థిగా చదవాల్సిన బాధ్యత నాకుందనిపించింది.

వర్జీనియా వూల్ఫ్ 1927లో 'స్ట్రీట్ హాంటింగ్' అనే వ్యాసం రాసింది. చలికాలం సాయంత్రం ఒకామె లండన్ వీధుల్లోకి బయల్దేరుతుంది. పెన్సిలు కొనుక్కోవాలి, అదీ ఆమె చెప్పుకునే కారణం. నిజానికి ఆమెకు కావల్సింది నడక, తెలియని మొహాలు, వెలిగే కిటికీలు. పెన్సిలు లేకపోయినా వీధి అలాగే ఉంటుంది, కానీ పెన్సిలు లేకుండా ఆమె గుమ్మం దాటదు. ఎమ్మేలో ఈ వ్యాసం చదివినప్పుడు నేను శైలి గురించి నోట్సు రాసుకున్నాను. ఆ పెన్సిలు మా రిజిస్టర్లో అయిదో గడి అని ఇప్పుడు తెలుస్తోంది. ఒక తేడా ఉంది. వూల్ఫ్ తన సాకుని చూసి తానే నవ్వుకోగలదు, తిరిగి వెళ్లడానికి ఆమెకు సొంత ఇల్లుంది. మా సాకుని గేటు దగ్గర ఆంటీ చదువుతుంది, వార్డెన్ సంతకం పెడుతుంది, అవసరమైతే ఇంటికి ఫోను వెళ్తుంది.

ఆ వ్యాసం తర్వాత రెండేళ్లకు, 1929లో, 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' వచ్చింది. తెలుగులో స్త్రీవాదం గురించి మాట్లాడేవాళ్లందరికీ ఆ గది తెలుసు. మన సభల్లో, ముందుమాటల్లో, సిద్ధాంత గ్రంథాల్లో (నాదాంతో సహా) ఆ గది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అదే మనిషి రాసిన వీధి మాత్రం మనకి పెద్దగా పట్టలేదు. గది కావాలనడానికి రాయడం అనే గొప్ప పని ఉంది. వీధి కావాలనడానికి ఏం చూపిస్తాం?

మన కథల్ని ఈ ప్రశ్నతో మళ్లీ తీశాను. ఎన్నోసార్లు పాఠం చెప్పిన పి. సత్యవతి 'ఇల్లలకగానే' ముందు తీశాను. ఇల్లు అలికి ముగ్గులు పెట్టుకోవడంలో తన పేరు మర్చిపోయిన గృహిణి కథ అది. నేను ఎప్పుడూ దీన్ని అస్తిత్వం కథగానే చెప్పాను. పరీక్ష పేపర్లో కూడా అదే ప్రశ్న ఇచ్చాను. ఈసారి హాస్టల్ మంచం మీద కూర్చుని చదువుతుంటే వేరే సంగతి కనిపించింది. ఆమె పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు, ఇరుగుపొరుగుకీ తెలియదు. వాళ్లకి ఆమె ఫలానా ఇంటి ఆవిడ, ఫలానా ఆయన భార్య. చివరికి ఆ పేరు ఎక్కడ దొరికింది? పుట్టిన ఊళ్లో, చిన్నప్పటి స్నేహితురాలి నోట్లో. శారదా అని పిలిచే మనిషి ఒకరు మిగిలి ఉన్నారు గనక పేరు మిగిలింది. పెళ్లితో ఆమె పోగొట్టుకున్నవాటిలో మొదటిది పేరు అని నేను చెప్తూ వచ్చాను. స్నేహం ముందు పోయింది, దాని వెనకాల పేరు పోయింది అని చదవడానికి ఆ కథలోనే ఆధారాలున్నాయి. ఇన్నేళ్లు నాకు కనబడలేదు.

2020-21 జాతీయ సర్వే ప్రకారం ఈ దేశంలో ఊరు మారిన స్త్రీలలో 86.8 శాతం మంది పెళ్లి వల్ల మారినవాళ్లే. కొత్త ఊరికి రావడం అనే అనుభవం మగవాళ్లకన్నా మనకే ఎక్కువ. అయినా కొత్త నగరంలో ఒంటరిగా దిగి, వీధులు తిరిగి, హోటళ్లలో స్నేహాలు చేసుకుని, తనని తాను వెతుక్కునే మనిషి అనగానే మన సాహిత్యంలో గుర్తొచ్చేది మగవాడు. నవీన్ 'అంపశయ్య' (1969) చూడండి. ఉస్మానియా విద్యార్థి రవి ఒక్కరోజు మెలకువలో ఉన్నంతసేపూ అతని మనసులో నడిచిందే నవలంతా. రవి బీదవాడు, అవమానాలు పడ్డవాడు, సుఖంగా లేడు. కానీ ఆ రోజంతా అతనిది. అతను ఎటు నడిచినా, ఎవరి గదిలో కూర్చున్నా, నవల అతన్ని కారణం అడగదు. ఆ నవలని తగ్గించడానికి చెప్పడం లేదు. అలాంటి ఒక రోజు తన చేతిలో ఉన్న ఆడపిల్లని ఊహించి చూడమంటున్నాను.

ఓల్గా 'స్వేచ్ఛ' (1987) ఈ చర్చలో చాలా దూరం వెళ్లిన నవల. అరుణకి చదువుంది, ఉద్యోగం ఉంది, ఇష్టపడి చేసుకున్న పెళ్లి ఉంది. తన కాలం మీద తనకి అధికారం లేదన్నది ఆమెకు తెలిసిరావడమే నవల. ఎక్కడికి వెళ్తున్నావు, ఎప్పుడొస్తావు, ఆ మనుషులతో నీకేం పని - ఈ ప్రశ్నల దగ్గరే ఆమె కాపురం బీటలు వారుతుంది. ఆ నవల వచ్చినప్పుడు జరిగిన గొడవ ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కరలేదు. కానీ అరుణ బయటికి వెళ్లడానికి సమాజం పట్ల బాధ్యత అనే బలమైన కారణం ఉంది. ఆ కారణం ఆమె స్వేచ్ఛకి గౌరవం తెచ్చింది. అరుణ ఏ బాధ్యతా లేకుండా, స్నేహితురాలితో ఐస్‌క్రీం తిని రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి ఉంటే మనం ఆమె పక్షాన అంత గట్టిగా నిలబడేవాళ్లమా? నేను నిలబడేదాన్ననే అనుకునేదాన్ని. ఆ నమ్మకం ఎలా పోయిందో కాస్త ఆగి చెప్తాను.

నేను చదివినంతలో మన కథల్లో స్నేహితురాలు ఎప్పుడూ పని మీదే వస్తుంది. భర్త కొట్టిన రాత్రి తలుపు తీయడానికి వస్తుంది. ఉద్యోగం చూసిపెట్టడానికి, లాయరు దగ్గరికి తీసుకెళ్లడానికి, కళ్లు తెరిపించే నాలుగు మాటలు చెప్పడానికి వస్తుంది. ఆపద లేని రోజున ఇద్దరాడవాళ్లు కలిసి మధ్యాహ్నమంతా వృథా చేసిన కథలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే దొరుకుతున్నాయి నాకు. మీకు తెలిసినవి ఉంటే చెప్పండి, సంతోషంగా నా మాట వెనక్కి తీసుకుంటాను.

భాష కూడా సాయం రాదు. మగపిల్లాడు పనిలేకుండా తిరిగితే 'బలాదూరు' అంటాం. తిట్టే, కానీ సగం ముద్దు. ఆడపిల్లకి ఆ మాట వాడం, వాడే మాటలు ఇక్కడ రాయను. షికారు అనే మాట ఉంది. పారశీకంలో వేట అని అర్థం, మన దగ్గరికొచ్చి సరదాగా తిరగడం అయింది. పాత సినిమాల్లో ఆడది షికారుకి వెళ్తే పక్కన కాబోయే భర్తో భర్తో ఉంటాడు. ఇంకో మాట 'తోడు'. తోడు లేకుండా ఎలా వెళ్తావు అన్నప్పుడు తోడు అంటే కాపలా. నాకు ఈ ఊళ్లో ఒక తోడు దొరికింది అన్నప్పుడు అదే మాట స్నేహం. కొత్త ఊళ్లో ఆడదానికి మొదటి అర్థంలో తోడు చూపించడానికి అందరూ సిద్ధంగా ఉంటారు. రెండో అర్థంలో తోడు ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పరు.

మన పూర్వికురాళ్లకి ఈ సంగతి తెలుసేమో. భండారు అచ్చమాంబ 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం మొదలుపెట్టడంలో ముందున్నారు. హైదరాబాదులో 1935లో ఆంధ్ర యువతీ మండలి వచ్చింది. నరసాపురంలో పుట్టి పెళ్లితో హైదరాబాదు చేరిన ఇల్లిందల సరస్వతీదేవి ఆ మండలి కార్యకర్తల్లో ఒకరు. తర్వాత 'స్వర్ణకమలాలు'కి 1982లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. మద్రాసులో దుర్గాబాయి 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. ఈ సంస్థల గురించి మనం రాసుకున్న చరిత్రలో చదువు, కుట్టుపని, హిందీ తరగతులు, జాతీయోద్యమం ఉన్నాయి. అన్నీ నిజమే. కానీ భాష కొత్త, వీధులు కొత్త, అత్తవారిల్లు కొత్త అయిన ఊళ్లో ఒక స్త్రీకి వారానికి రెండు మధ్యాహ్నాలు ఇల్లు దాటే సందు దొరికిందంటే, ఆ కుట్టు మిషన్ల పక్కన ఏం మాట్లాడుకుని ఉంటారు? ఎంత నవ్వుకుని ఉంటారు? దీనికి నా దగ్గర ఆధారం లేదు, నివేదికల్లో నవ్వులు రాయరు కదా. వాళ్లూ 'కారణం' గడిలో 'కుట్టుపని' అని రాసి బయటపడ్డారేమోనని మాత్రం నాకు గట్టి అనుమానం.

ఇప్పటి మన సభల్లో కూడా ఇది చూస్తున్నాను. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో మీటింగు అయిపోతుంది. మగ రచయితలు బయట టీ దగ్గర గంటసేపు నిలబడతారు. పుస్తకాల సంగతులు, తగాదాలు, రాజీలు, కొత్త సంకలనాల ఆలోచనలు అన్నీ ఆ గంటలో జరుగుతాయి. ఆడవాళ్లు మెట్లు దిగుతూనే ఫోను చూసుకుంటారు, ఆటో ఎంతలో వస్తుందని. 2024 కాల వినియోగ సర్వే లెక్కలో జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు దాని మీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడితే పురుషులు 88 పెట్టారు. మన టీ గంట ఆ తేడాలో ఉంది. అబిడ్స్ ఓరియంట్ హోటల్ కవులకి, రాజకీయ కార్యకర్తలకి ఎలాంటి అడ్డానో ఇప్పటికీ జ్ఞాపకాల్లో చదువుతాం. ఏ ఆడవాళ్ల పేరు మీద ఏ హోటల్ టేబులు గుర్తుంది ఈ ఊళ్లో? 2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ మొదలయ్యాక కొంత మారింది. అక్కడ చెట్టు కింద టీ కప్పుతో ఒక్కదాన్నే రెండు గంటలు కూర్చున్నాను, ఎవరూ ఏమీ అడగలేదు. లామకాన్ అంటే ఇల్లు లేనిది అని అర్థమట, పేరు చూసి నవ్వొచ్చింది. అయితే అక్కడ అంత ధైర్యంగా కూర్చోవడానికి నా చేతిలో ఉన్న ఇంగ్లీషు పుస్తకం కూడా సాయపడిందని ఒప్పుకోవాలి.

ఇక నేను దాటేస్తూ వస్తున్న విషయం. మా రూమ్మేటుకి ఇరవై నాలుగేళ్లు, నారాయణపేట వైపు నుంచి వచ్చింది. కోఠిలో చీరల షాపులో పనిచేస్తుంది. పొద్దున్న పది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నిలబడే ఉండాలి. సెలవు రోజున స్నానం చేసి, మంచి డ్రెస్సు వేసుకుని, కోఠిలో 127కే బస్సెక్కి కొండాపూర్ దాకా వెళ్తుంది. అక్కడ దిగి, ఇంకో బస్సెక్కి తిరిగి వస్తుంది. ఒక్కోసారి వేరే నంబరు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం కదా, జీరో టికెట్టు.

మొదట్లో నాకు అర్థం కాలేదు. "కొండాపూర్లో ఎవరున్నారు?" అని అడిగాను.

"ఎవరు లేరక్కా."

"మరి ఏం పని?"

"పనేం లేదు. గట్లనే. కిటికీ కాడ సీటు దొరికితే సాలు."

నేను ఊరుకోలేదు. ఆ టైములో డిగ్రీ కట్టుకోవచ్చు కదా అన్నాను. మంచి పుస్తకాలిస్తాను చదువు అన్నాను. స్త్రీల సమస్యల మీద మీటింగు ఉంది, నాతో రమ్మన్నాను. ఆ పిల్ల తలూపింది, రాలేదు. రెండు వారాలు నాకు కనబడకుండా తిరిగింది. సెలవు రోజున నేను లేవకముందే వెళ్లిపోయేది. రూములో కూడా ఇంకో రిజిస్టరు తెరిచానని నాకు ఆలస్యంగా తెలిసింది. అరుణ ఐస్‌క్రీం తిని వస్తే నేను ఏమనేదాన్నో అప్పుడే తెలిసింది.

ఆ పథకం మీద పేలిన జోకులు మీకూ గుర్తుండే ఉంటాయి. పనీపాటా లేని ఆడవాళ్లు బస్సులెక్కి ఊళ్లు తిరుగుతున్నారన్నారు. బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్న ఒకామె వీడియో 2024లో ఎంత తిరిగిందో! పని లేకుండా తిరిగితే తప్పు, పని చేసుకుంటూ తిరిగితే నవ్వులాట. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు మొదలైనప్పుడూ ఇవే మాటలు విన్నాను. మనం ఆ పథకాన్ని సమర్థిస్తూ రాసినప్పుడు ఏం రాశాం? ఉద్యోగినులకి ఖర్చు తగ్గుతుంది, విద్యార్థినులకి ఉపయోగం, ఆసుపత్రికి వెళ్లగలరు. అన్నీ కారణాలే. ఊరికే తిరగడానికి కూడా బాగుంటుంది అని నేనైతే రాయలేదు.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రణడే కలిసి ముంబై గురించి రాసిన 'వై లాయిటర్?' 2011లో వచ్చింది. ఆడవాళ్లు బయట ఉన్నప్పుడు ఏదో పని మీద ఉన్నట్టు కనబడాలి, అప్పుడే మర్యాదస్థులు; ఆ ప్రయోజనం ముసుగు తీసేసి ఊరికే నిలబడే హక్కు అడగాలి అంటుంది ఆ పుస్తకం. ఆడవాళ్ల భద్రత పేరు చెప్పి బీదవాళ్లనీ ముస్లిం మగవాళ్లనీ వీధిలోంచి తరిమేయడాన్ని కూడా ఒప్పుకోదు. ఆ పుస్తకాన్ని నేను రెండు సెమినార్లలో ప్రస్తావించాను. నా పక్క మంచం మీద ఆ పుస్తకం చదవకుండానే ఆ పని చేస్తున్న అమ్మాయికి డిగ్రీ కట్టమని చెప్పాను.

ఆ పుస్తకం మీద నాకొక ఫిర్యాదు లేకపోలేదు. నిలబడే హక్కు గురించి చదువుతున్నప్పుడు, రోజంతా నిలబడేవాళ్లకి విశ్రాంతి ఎలా ఉంటుందో అందులో నాకు అంతగా కనబడలేదు. కోళికోడ్‌లో షాపుల్లో పనిచేసే స్త్రీలు 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టుకుని ముందు మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు కూడా షాపుల్లో కుర్చీలు ఉండాలని చట్టం చేసింది. పెణ్‌కూట్టు అంటే ఆడవాళ్ల తోడు. కార్మిక సంఘానికి ఆ పేరు పెట్టుకున్నవాళ్ల మీద నాకు చాలా గౌరవం కలిగింది. మా రూమ్మేటుకి బస్సులో కిటికీ సీటు అంటే ముందు కూర్చోవడం. తర్వాతే చూడటం.

పోయిన నెల ఒక సెలవు రోజున నేనే అడిగాను, వస్తానని.

"నీకేం పనక్కా ఆడ?" అంది నవ్వుతూ.

గేటు దగ్గర కారణం గడిలో 'ఊరికే' అని రాశాను. ఆంటీ చూసి, "అట్ల రాస్తే మేడం నన్ను తిడ్తది, ఏదన్న రాయమ్మా" అంది. ఆమె ఉద్యోగం పోగొట్టేంత సిద్ధాంతం నా దగ్గర లేదు. కొట్టేసి 'జిరాక్స్' అని రాశాను. కొట్టేసినా మాట కనబడుతూనే ఉంది.

బస్సులో తను ఆధారు చూపించి జీరో టికెట్టు తీసుకుంది. నా ఆధారు మీద ఇంకా విశాఖ అడ్రసే ఉంది, ఉచితం తెలంగాణ ఆడవాళ్లకే, కండక్టరు డబ్బులు తీసుకుని టికెట్టు కొట్టాడు. కిటికీ సీటు నాకే ఇచ్చింది. లకడీకాపూల్ దాటాక నేను ఏదో బిల్డింగు చూపించి దాని చరిత్ర చెప్పబోయాను. తిరిగి చూస్తే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. కొండాపూర్ దాకా లేపలేదు.